చచ్చిన డిస్కోకి బొంబాయి పోసిన ప్రాణం

1979 జులై 12న చికాగోలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ గ్రౌండ్లో రెండు మ్యాచ్‌ల మధ్య గ్యాప్‌లో ఒక రేడియో జాకీ జనం తెచ్చిన డిస్కో రికార్డులన్నీ ఒక పెట్టెలో వేయించి గ్రౌండ్ మధ్యలో పేల్చేసాడు, వేలమంది గ్రౌండ్లోకి దూకేసారు, రెండో మ్యాచ్ ఆడడం కుదరక వదిలేసుకున్నారు. అమెరికాలో డిస్కో కథ ఆ రాత్రితో ఒక్కసారే అయిపోలేదు గానీ దిగజారడం మాత్రం అప్పట్నుంచి బాగా కనిపిస్తుంది. తర్వాత ఏడాదికల్లా అక్కడి రేడియో స్టేషన్లు ఆ పేరు ఎత్తడానికే ఇష్టపడలేదు. సరిగ్గా ఆ 1980లోనే మన దగ్గర ఖుర్బానీ వచ్చింది, కర్జ్ వచ్చింది, ప్యారా దుష్మన్ వచ్చింది, షాన్ వచ్చింది. అక్కడ మూటగట్టి పక్కన పడేసిన సంగీతం ఇక్కడ హిందీ సినిమాని ఐదారేళ్లు ఏలింది.

ఇప్పుడు బాలీవుడ్ డిస్కో అనగానే చాలామందికి ముందు బొమ్మ గుర్తొస్తుంది, పాట కాదు. తెల్లబట్టల్లో మిథున్ చక్రవర్తి, మెడనిండా గొలుసులతో బప్పీ లహరి, కింద వెలిగే రంగుల ఫ్లోరు. ఆ బొమ్మ మీద ఎన్ని జోకులు, ఎన్ని మీమ్స్ వచ్చాయో లెక్కలేదు, దానివల్ల జరిగిన నష్టం ఏంటంటే ఆ పాటల్ని చెవిపెట్టి వినడం మానేసారు. స్క్రీన్ ఆపేసి, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్క పాట మొదటి నుంచి చివరిదాకా వింటే అందులో ఎంత పని జరుగుతోందో అర్థమవుతుంది. ఎంతమంది వాయించారు, బేస్ గిటార్ ఎక్కడెక్కడ తిరుగుతోంది, వయొలిన్లు ఎప్పుడు పైకి లేస్తున్నాయి, తబలా ఎక్కడ సైలెంటుగా దూరింది అన్నీ వినిపిస్తాయి. ఈ వ్యాసం చెప్పేది కూడా ఆ వినడం గురించే.

ముందు డిస్కో బీట్ అంటే ఏంటో కాస్త చూద్దాం. నాలుగు లెక్కల్లో ప్రతి లెక్కకీ కిక్ డ్రమ్ పడుతుంది, దుమ్ దుమ్ దుమ్ దుమ్ అని, ఎక్కడా తప్పకుండా. ఆ దెబ్బల మధ్యలో హై-హ్యాట్, అంటే డ్రమ్ సెట్‌లోని జంట తాళాలు, తెరుచుకుని ఛిస్ ఛిస్ అంటుంది. బేస్ గిటార్ కింద స్థాయి స్వరం, అదే స్వరం పై స్థాయిలో, మళ్లీ కింద, అలా గెంతుతూ ఉంటుంది. పైన వయొలిన్లు, బ్రాస్, రిథమ్ గిటార్. అమెరికాలో, యూరప్‌లో ఇది క్లబ్బుల్లో డ్యాన్స్ కోసం చేసిన సంగీతం కాబట్టి ఒకే గ్రూవ్‌ని (తిరిగి తిరిగి వచ్చే లయని) ఆరేడు నిమిషాలు అలాగే సాగదీస్తారు, మార్పులు తక్కువ, మత్తు ఎక్కించడమే పని. 1977లో జార్జియో మొరోడర్, డోనా సమ్మర్ కలిసి చేసిన 'ఐ ఫీల్ లవ్' వింటే ఆ సంగతి పూర్తిగా తెలుస్తుంది, దాదాపు మొత్తం సింథసైజరే, అంటే కరెంటుతో శబ్దాలు పుట్టించే కీబోర్డే.

బొంబాయిలో పరిస్థితి వేరు. క్లబ్బులు పెద్ద నగరాల్లో, పెద్ద హోటళ్లలో ఉండేవి, మామూలు జనం వాటి గుమ్మం కూడా చూసి ఉండరు. ఇక్కడ డిస్కో అంటే సినిమాలో స్టేజి మీద హీరోనో హీరోయినో పాడే పాట, కథలో దానికొక పని ఉండాలి, పల్లవి ఉండాలి, చరణాలు ఉండాలి, మధ్యలో మ్యూజిక్ బిట్లు ఉండాలి. గ్రూవ్‌ని సాగదీసే వీల్లేదు. అందుకని అరేంజర్లు, అంటే ఏ వాద్యం ఎక్కడ మోగాలో రాసేవాళ్లు, ఏం చేసారంటే ప్రతి పదిహేను, ఇరవై సెకన్లకీ ఏదో ఒకటి మార్చుకుంటూ పోయారు, మొదటి బిట్‌లో వయొలిన్లు, రెండో బిట్‌లో శాక్సోఫోను, పల్లవికి తిరిగి వచ్చేముందు ఒక సింథ్ జారుడు, ఆ తర్వాత బాంగోలు. అసలు డిస్కోలో లేని ఈ తొందర, ఈ నిండుదనమే బాలీవుడ్ డిస్కో సొంత రుచి.

ఇంకో కారణం కూడా ఉంది, అది తాళం. హిందీ సినిమా పాటల్లో సగానికి సగం నడిచేది కహర్వా మీద, ఎనిమిది మాత్రలు. మన ఆదితాళం లెక్క కూడా ఎనిమిదే. డిస్కో నాలుగు దెబ్బలు ఆ ఎనిమిదిలో అతికినట్టు సరిపోతాయి కాబట్టి కింద డ్రమ్ సెట్ డిస్కో వాయిస్తుంటే పైన తబలానో ఢోలక్కో కహర్వా వాయించుకోవచ్చు, ఎవరూ ఎవరికీ అడ్డం రారు. అందుకే ఈ పాటలకి పెళ్లి ఊరేగింపులో బ్యాండు వాళ్లు కూడా అంత సులువుగా వాయించేసారు.

ఇక మొదలెట్టాల్సిన పాట 'ఆప్ జైసా కోయీ'. ఖుర్బానీలో మిగతా పాటలన్నీ కళ్యాణ్‌జీ ఆనంద్‌జీ చేసారు, ఈ ఒక్కటి మాత్రం బిడ్డు చేసాడు. బిడ్డు బెంగళూరు వాడు, కుర్రతనంలో లండన్ వెళ్లి స్థిరపడ్డాడు, 1974లో ప్రపంచమంతా మోగిన 'కుంగ్ ఫూ ఫైటింగ్' ప్రొడ్యూస్ చేసింది ఇతనే, టీనా చార్ల్స్ 'ఐ లవ్ టు లవ్' కూడా ఇతనిదే. అంటే డిస్కోని బయటి నుంచి చూసి నేర్చుకున్నవాడు కాదు, దాన్ని తయారుచేసిన వాళ్లలో ఒకడు. ఖుర్బానీ తీసిన ఫిరోజ్ ఖాన్ లండన్‌లో ఒక పార్టీలో నాజియా హసన్ గొంతు విని బిడ్డు దగ్గరికి పంపాడు, అప్పటికి ఆ పాకిస్తానీ అమ్మాయికి పదిహేనేళ్లు. పాట లండన్‌లోనే, ఒక్కో గొంతునీ వాద్యాన్నీ విడివిడిగా పట్టే మల్టీట్రాక్ స్టూడియోలో రికార్డయ్యింది.

ఆ పాట ఈరోజు విన్నా ఆశ్చర్యం వేసేది దాంట్లో ఉన్న ఖాళీ. అప్పటి హిందీ పాటల్లో ఆర్కెస్ట్రా నిండుగా కిక్కిరిసి ఉంటుంది, ఇందులో మాత్రం బేస్, డ్రమ్స్, అక్కడక్కడ కీబోర్డు, మధ్యలో బోల్డంత చోటు. ఆ చోటులో నాజియా గొంతు నింపాదిగా, కాస్త ముక్కుతో, గమకాలేం లేకుండా పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది, పైగా ఆమె గొంతునే రెండోసారి, మూడోసారి రికార్డ్ చేసి ఒకదాని మీద ఒకటి పేర్చారు కాబట్టి ఆ మెత్తదనం వచ్చింది. ఆ పాటకే ఆమెకి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ గాయని అవార్డ్ ఇచ్చారు. 1981లో ఆమె, తమ్ముడు జోహెబ్ కలిసి బిడ్డుతోనే డిస్కో దీవానే ఆల్బమ్ చేసారు, సినిమా లేకుండా ఒక పాప్ ఆల్బమ్ ఇండియాలో, పాకిస్తాన్‌లో అంతగా అమ్ముడవడం అదే మొదటిసారి అనొచ్చు, బ్రెజిల్ దాకా వెళ్లింది. నాజియా 2000లో, ముప్పై అయిదేళ్లకే క్యాన్సర్‌తో చనిపోయింది. ఇండిపాప్ అని తర్వాత తొంభైల్లో ఏదైతే వచ్చిందో, దానికి దారి వేసింది ఈ అక్కాతమ్ముళ్లే, ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

గొంతుల సంగతి వచ్చింది కాబట్టి అక్కడే కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ సంగీతంలో అందరూ వదిలేసే విషయం ఇదే. అంతకుముందు ముప్పై ఏళ్లపాటు హిందీ సినిమా హీరోయిన్ అంటే లతా మంగేష్కర్ గొంతు, సన్నగా, ఎత్తుగా, తేటగా. క్లబ్ పాటలకి ఆశా భోస్లే. మిగతా రకం ఆడగొంతులకి చోటు చాలా తక్కువ. డిస్కో వచ్చాక ఆ తలుపు తెరుచుకుంది. ఉషా ఉతుప్‌ని తీసుకోండి, మద్రాసులో మౌంట్‌రోడ్డు మీద నైన్ జెమ్స్ అనే నైట్‌క్లబ్బులో, తర్వాత కలకత్తా ట్రింకాస్‌లో కంచిపట్టు చీర కట్టుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని ఇంగ్లిష్ పాటలు పాడిన మనిషి, బరువైన కింద స్థాయి గొంతు. ఆ గొంతుని హీరోయిన్‌కి పెట్టే ఊహ ఎవరికీ రాని రోజుల్లో ప్యారా దుష్మన్‌లో 'హరి ఓం హరి', అర్మాన్‌లో 'రంబా హో' పాడింది, రెండిట్లోనూ తెర మీద కల్పనా అయ్యర్. 'రంబా హో'లో ఆమె ఒక్కో మాటని ఎలా విసురుతుందో వినండి, డ్రమ్‌తో పోటీపడి దాన్ని లాక్కుపోతున్నట్టు ఉంటుంది. ఆమె తర్వాత పార్వతీ ఖాన్, సల్మా ఆఘా, అలీషా చినాయ్, వీళ్లందరివీ వేర్వేరు రంగుల గొంతులు, అందరికీ ఈ బీట్ మీద చోటు దొరికింది.

ఆశా భోస్లే అయితే అసలు ఈ కాలంలో కుర్రదైపోయింది. నమక్ హలాల్ (1982)లో 'జవానీ జానెమన్' వినండి, పర్వీన్ బాబీ మీద తీసిన పాట. బేస్ లైన్ ఒక్కటే విన్నా డబ్బులు గిట్టుబాటైనట్టే, దాని మీద ఆశా ఊపిరితో పాడే పద్ధతి, లైను చివర్లో కావాలని వదిలేసే చిన్న విరామం, ఇవి స్కూల్లో నేర్పేవి కావు. అదే సినిమాలో 'పగ్ ఘుంఘ్రూ' కూడా ఉంది, పది నిమిషాలు దాటే పాట, కిషోర్ కుమార్ పాడాడు, సగం కచేరీ సగం డిస్కో, మధ్యలో పండిట్ సత్యనారాయణ్ మిశ్రా స్వరకల్పన. శాస్త్రీయ సంగీతం నుంచి నేరుగా ఎలక్ట్రిక్ గిటార్‌లోకి దూకి మళ్లీ వెనక్కి రావడం, అదీ ఎక్కడా అతుకు కనపడకుండా, ఇది చేసిన మనిషిని గొలుసుల మనిషి అని మాత్రమే గుర్తుపెట్టుకోవడం చాలా అన్యాయం.

ఆ మనిషి బప్పీ లహరి. 1952లో బెంగాల్‌లోని జల్పాయిగురిలో పుట్టాడు, అమ్మానాన్నలిద్దరూ శాస్త్రీయ సంగీతం తెలిసినవాళ్లు, చిన్నప్పుడే తబలా పట్టుకున్నాడు. 1975లో జఖ్మీతో పేరొచ్చింది, 1979లో సురక్షాతో డిస్కో దారి పట్టాడు. ఈ సురక్షాకి దర్శకుడు రవికాంత్ నగాయిచ్, ఎన్టీఆర్ సీతారామ కళ్యాణానికి (1961) కెమెరా పట్టి ట్రిక్ షాట్లతో పేరు తెచ్చుకున్న మనిషి, మన మద్రాసు తెలుగు సినిమాలో ఎదిగినవాడే. మిథున్ గన్‌మాస్టర్ జీ9గా చేసిన సినిమా అది. మిథున్, బప్పీ జోడీ అక్కడ మొదలై 1982లో డిస్కో డ్యాన్సర్ దగ్గర పేలింది.

డిస్కో డ్యాన్సర్ కథలో హీరో తల్లి కరెంటు పెట్టిన గిటార్ పట్టుకుని చనిపోతుంది, ఆ దెబ్బతో హీరోకి గిటార్ అంటేనే భయం పట్టుకుంటుంది. కాగితం మీద చదివితే అతిగా అనిపిస్తుంది గానీ కథ లోపల చూస్తే వీధిలో పాటలు పాడుకునే పేద కుర్రాడు, దొంగ అని ముద్రపడి ఊరొదిలిన తల్లీకొడుకులు, గొప్పింటివాడి అవమానం, అన్నీ మన జనానికి బాగా తెలిసిన మెలోడ్రామా దినుసులే. అమెరికా డిస్కో క్లబ్బు రాత్రిది, బాలీవుడ్ డిస్కో మాత్రం పేదవాడి పైకెక్కడం గురించి, అమ్మ గురించి. అందుకే అది చిన్న ఊళ్ల టెంట్ హాళ్లలో కూడా ఆడింది, ఇంకా దూరం పోయి సోవియట్ యూనియన్లో కూడా ఆడింది. 1984లో అక్కడ రిలీజైతే 6 కోట్లకి పైగా టికెట్లు తెగాయి, ఇప్పటికీ ఆ దేశాల్లో పెద్దవాళ్లు ఇండియన్ కనపడితే జిమ్మీ జిమ్మీ అని పాట ఎత్తుకుంటారు. 2007లో బ్రిటిష్ గాయని ఎం.ఐ.ఏ. ఆ పాటనే తిరిగి పాడి లండన్ క్లబ్బుల్లోకి తీసుకెళ్లింది.

కాపీ సంగతి దాచడానికేం లేదు. 'జిమ్మీ జిమ్మీ'కి ఫ్రాన్స్ గ్రూప్ ఒట్టావాన్ పాట 'టే ఓకే' మూలం, 'హరి ఓం హరి'కి ఎరప్షన్ పాడిన 'వన్ వే టికెట్', 'కోయీ యహా నాచే నాచే'కి బగుల్స్ 'వీడియో కిల్డ్ ద రేడియో స్టార్'. కర్జ్‌లో లక్ష్మీకాంత్ ప్యారేలాల్ చేసిన 'ఓం శాంతి ఓం' అయితే ట్రినిడాడ్ గాయకుడు లార్డ్ షార్టీ పాట నుంచి వచ్చింది. ఎవరికీ పేరు ఇవ్వలేదు, డబ్బు ఇవ్వలేదు, అది తప్పే, సర్దిచెప్పాల్సిన పని లేదు. కానీ ఈ లిస్టు చూస్తే ఒక విషయం తెలుస్తుంది, బొంబాయి చెవి న్యూయార్క్ వైపు లేదు, యూరప్ వైపు ఉంది. బోనీ ఎమ్, ఆబా, ఒట్టావాన్, ఎరప్షన్, ఇవన్నీ యూరప్‌లో తయారైన డిస్కో, అందులో ట్యూన్ బలంగా ఉంటుంది, ఒక్కసారి వింటే నోటికొచ్చేస్తుంది. ట్యూన్ లేకపోతే పాటే కాదనుకునే మనవాళ్లకి అదే నచ్చింది, ఇందులో వింతేం లేదు.

ఇంకోటి, మూలం పాట, బొంబాయి పాట పక్కపక్కన పెట్టి విని చూడాలి. 'టే ఓకే' హుషారైన పాట, నవ్వుతూ సాగుతుంది. 'జిమ్మీ జిమ్మీ'లో అదే ట్యూను పార్వతీ ఖాన్ గొంతులో బతిమాలుకోవడంగా మారిపోయింది, స్టేజి మీద భయంతో బిగుసుకుపోయిన మనిషిని రా రా అని పిలిచే పాట అయ్యింది. 'ఓం శాంతి ఓం' కూడా అంతే, లార్డ్ షార్టీది తాపీ భక్తి, కిషోర్ దాన్ని ప్రేమని పాడే ఊరేగింపు చేసేసాడు, రిషి కపూర్ తిరిగే పెద్ద రికార్డ్ మీద నిలబడి ఆడితే చూసినవాళ్లకి ఇప్పటికీ మర్చిపోవడం కుదరదు. ఎత్తుకొచ్చిన మాట నిజం, ఎత్తుకొచ్చిన దాన్ని వేరే వస్తువు చేసిన మాటా నిజం.

తెలుగుకి వచ్చేసరికి కథ ఇంకా దగ్గరవుతుంది. 1984లో డిస్కో డ్యాన్సర్‌ని బాలకృష్ణతో డిస్కో కింగ్‌గా తీసారు, సంగీతం చక్రవర్తి. అంతకంటే పెద్ద సంగతి ఏంటంటే ఎనభైల్లో బప్పీకి హిందీలో తిండి పెట్టిన వాళ్లలో మనవాళ్లే ముందుంటారు. 1983లో పద్మాలయా వాళ్లు ఊరుకి మొనగాడుని హిమ్మత్‌వాలాగా తీసారు, కె.రాఘవేంద్రరావు డైరెక్షన్, జితేంద్ర, శ్రీదేవి, పాటలు బప్పీవి. దాని వెనకే మద్రాసు నుంచి హిందీ సినిమాల వరస మొదలైంది, తోఫా, మవాలీ, జస్టిస్ చౌదరి. కుండలు, చీరలు, బిందెలు పేర్చిన రాఘవేంద్రరావు మార్కు పాటల కింద డిస్కో డ్రమ్ పెట్టిన వింత కలయిక అప్పుడే పుట్టింది.

తర్వాత అదే పద్మాలయా బప్పీని తెలుగులోకి తెచ్చింది. 1986లో కృష్ణ డైరెక్ట్ చేసిన సింహాసనం, తెలుగులో మొదటి 70 ఎం.ఎం. సినిమా, రాజులు, రాణులు, కత్తులు ఉన్న జానపదం, దానికి డిస్కో సంగీతదర్శకుడు అంటే అప్పట్లో ఎవరైనా బెదురుతారు. కానీ 'ఆకాశంలో ఒక తార' వినండి, సింథసైజర్, డ్రమ్స్ మీద సుశీల గారి గొంతు ఎంత సుఖంగా కూర్చుందో. ఆ తర్వాత స్టేట్ రౌడీ, గ్యాంగ్ లీడర్, రౌడీ అల్లుడు. 1991 నాటికి బొంబాయి డిస్కోని వదిలేసి మళ్లీ మెలోడీ వైపు తిరిగింది, ఆషికీ లాంటివి రాజ్యమేలుతున్నాయి, సరిగ్గా ఆ ఏడే బప్పీ తెలుగులో చిరంజీవికి గ్యాంగ్ లీడర్ కొట్టాడు. 'వానా వానా వెల్లువాయే'లో డిస్కో బీట్ ఉంది, దాని మీద బాలు, చిత్ర పాడే మన పద్ధతి ఉంది. డిస్కో అమెరికా నుంచి బొంబాయికి ఎలా ఆలస్యంగా వచ్చి ఎక్కువకాలం బతికిందో, బొంబాయి నుంచి మనకి కూడా అలాగే వచ్చి అలాగే బతికింది. బప్పీ 2022 ఫిబ్రవరి 15న చనిపోయినప్పుడు తెలుగువాళ్లు ముందు తల్చుకున్నది గ్యాంగ్ లీడర్ పాటల్నే.

సినిమా బయట జరిగింది కూడా చెప్పుకోవాలి. చరణ్‌జిత్ సింగ్ అనే సెషన్ మ్యుజీషియన్, ఎన్నో హిందీ సినిమా పాటల్లో గిటార్, కీబోర్డ్ వాయించినవాడు, 1982లో రోలాండ్ కంపెనీ మెషిన్లు మూడు, టీఆర్-808 డ్రమ్ మెషిన్, టీబీ-303 బేస్ మెషిన్, జూపిటర్-8 సింథసైజర్, పెట్టుకుని పది రాగాల్ని డిస్కో బీట్ మీద వాయించి ఒక ఎల్పీ రికార్డు చేసాడు. భైరవ్, లలిత్, కింద ఆగకుండా తిరిగే మెషిన్ బేస్. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. అదే టీబీ-303తో చికాగో కుర్రాళ్లు యాసిడ్ హౌస్ అని కొత్త సంగీతం చేసి 1987లో రిలీజ్ చేసారు, 2010లో ఒక డచ్ అభిమాని చరణ్‌జిత్ రికార్డుని తిరిగి వేసేసరికి విన్నవాళ్లందరూ నోరెళ్లబెట్టారు, ఐదేళ్ల ముందే బొంబాయిలో ఇంచుమించు అదే శబ్దం. డిస్కోని మంట పెట్టిన చికాగో, డిస్కోని రాగాల్లోకి తెచ్చిన బొంబాయి, ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఒకే చోటికి చేరారు. అలాంటిదే ఇంకోటి, బెంగాలీ అమ్మాయి రూపా బిశ్వాస్ 1982లో కెనడాలోని క్యాల్గరీలో సరోద్ విద్వాంసుడు ఆశిష్ ఖాన్‌తో చేసిన డిస్కో జాజ్, అందులో 'ఆజ్ శనిబార్' పాట. 2019లో మళ్లీ వచ్చాక దాన్ని వినని దేశం లేదు.

వినడం మొదలెట్టేవాళ్లకి ఒక చిన్న మాట. ఇప్పుడు వచ్చిన రీమిక్స్‌ల దగ్గర మొదలెట్టొద్దు, వాటిల్లో కిక్ డ్రమ్ ఎంత పెంచుతారంటే వయొలిన్లు, బాంగోలు, ఆ లోపలి పని మొత్తం మునిగిపోతుంది. సినిమా వీడియోల్లో కూడా పాట కొన్నిచోట్ల కత్తిరించి ఉంటుంది, డైలాగులు కూడా మీద పడతాయి, అందుకని ఎల్పీ నుంచి ఎక్కించిన పూర్తి పాట వెతుక్కుని వినండి. వరుస ఇదీ అని ఏం లేదు గానీ ముందు 'ఆప్ జైసా కోయీ', తర్వాత 'జవానీ జానెమన్', ఆ వెంటనే 'రంబా హో' పెట్టుకుంటే మూడు వేరే గొంతులు, మూడు వేరే రకాల డిస్కోలు ఒక్క పదిహేను నిమిషాల్లో తెలుస్తాయి. మొదటిసారి పాట వినండి, రెండోసారి పాటని వదిలేసి బేస్ గిటార్ ఒక్కదాని వెంటే వెళ్లండి, మూడోసారి పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే బిట్లు మాత్రం వినండి. ఆ బిట్లలోనే గోవా నుంచి వచ్చిన వయొలిన్, ట్రంపెట్ వాళ్లు, పార్సీ కీబోర్డ్ వాళ్లు, పంజాబీ ఢోలక్ వాళ్లు ఒకే గదిలో కూర్చుని వాయిస్తున్నారు, వాళ్లలో చాలామంది పేర్లు రికార్డు అట్ట మీద అచ్చు కూడా కాలేదు.